ముక్కుపోగు చేప

మా ఇంట్లో చేప పొయ్యి మీదికి పోవాలంటే ముందు నా చేతుల మీదుగా పోవాలి. మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే దీనికి "మామయ్య తనిఖీ" అని పేరు పెట్టింది. బజారు నుంచి చేప రాగానే పళ్ళెంలో పెట్టి నా ముందుకు తోస్తుంది. నేను చెయ్యి తడుపుకుని, చూపుడువేలు చేప కింది పెదవి లోపల పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మెల్లగా తడుముతాను. అంతే, పళ్ళెం వెనక్కి తోసేస్తాను. "అయిందా మామయ్యా, ఇగ కొయ్యొచ్చునా?" అంటుంది. తాజాదో కాదో చూస్తున్నానని మొదట్లో బుకాయించాను. తాజాదనం చూడాలంటే మొప్ప ఎత్తాలి, కన్ను చూడాలి. పెదవి తడిమేవాణ్ణి లోకంలో ఎవరైనా చూశారా? ఆమెకు ఆ మాత్రం తెలియక కాదు, ముసలాయన చాదస్తం పోనీలే అని ఊరుకుంది. జీవితమంతా పశువుల దవాఖానాల్లో ఎద్దులతో తన్నించుకుని, మేకలతో పొడిపించుకుని రిటైరైన మనిషికి ఒక్క చాదస్తమైనా ఉండొద్దా?

మొన్న సెలవులకు మా మనవరాలు వచ్చింది. అది కూడా ఇప్పుడు పశువైద్యమే చదువుతోంది. సంచిలోంచి పెన్ను లాంటి యంత్రం ఒకటి తీసి చూపించింది. చెరువులో ముంచితే నీళ్ళ సంగతి మొత్తం అంకెల్లో చెప్తుందట. "చేపల ఆరోగ్యం చూసుడు మాకు ఈ ఏడు ప్రాక్టికల్ తాతా. మీ కాలంల ఎట్ల చూసేటోళ్ళో చూపియ్యి" అని పొద్దున్నే బజారుకు పోయి ఒక పెద్ద బొచ్చె చేపను తెచ్చి నా ముందు పెట్టింది. మొప్పలు చూపిద్దామనే మొదలుపెట్టాను. నా వేలు మాత్రం అలవాటు చొప్పున పెదవి లోపలికి పోయింది. నేనేదో వెతుకుతున్నాననుకుని మనవరాలు నా మొహంలోకి చూసి ఒక మాట అడిగింది. ఒట్టి మామూలు మాట. కానీ అరవై ఏళ్ళ కింద ఒక ముసలమ్మ రోజూ సాయంత్రం నన్ను అడిగిన మాట సరిగ్గా అదే. నా చెయ్యి చేప మీదే ఆగిపోయింది.

మాది నకిరేకల్ పక్కన గొర్లు కాసుకునే ఇల్లు. చిన్నప్పటి నుంచి నా ముక్కుకు తెలిసిన వాసనలు రెండే: మంద వాసన, తడిసిన గొంగడి వాసన. నీళ్ళంటే మాకు గొర్లు తాగే గుంట. పశువైద్య కళాశాలలో సీటు వచ్చిన రోజు మా నాయిన పొట్టేలును కోసి కులపోళ్ళందరికీ పెట్టాడు. అటువంటి మనిషికి, నన్ను చేపల మీద చదువుకు పాలమూరు వైపు పంపిస్తున్నారని చెప్పేసరికి మొహం వాడిపోయింది. "గొర్ల డాక్టరువైతవని తోలిస్తే చేపల డాక్టరువైతివారా? చేపకు జరమొస్తే నాడి ఏడ పట్టుకొని సూస్తవు?" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి, నేను సెలవులకు పోయినప్పుడల్లా ఎవడో ఒకడు చెయ్యి చాపి "జర చేప నాడి సూడు సారూ" అనేవాడు.

నాయిన గురించి ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి. ఆయన మా గొర్లతో పాటు ఊళ్ళోవాళ్ళ గొర్లు కూడా కాసేవాడు. మేతకు పోయిన చోట ఒక గొర్రె చస్తే దాని చెవి కోసి గొంగడి కొసకు కట్టుకుని తెచ్చేవాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే ఆ గొర్రె ఎవరిదో వాళ్ళ వాకిట్లో నిలబడి ఆ చెవి చూపించేవాడు. చెవికి ఎవరి గాటు వాళ్ళకుంటుంది, చూడగానే గుర్తు పడతారు. "సచ్చినందుకు ఎవ్వడు ఏమనడు. సూపియ్యకుంటెనే దొంగవైతవు" అనేవాడు. ఆ మాట విని పెరిగినవాణ్ణి నేను. ఎవరూ నాకు చెప్పలేదని అనడానికి లేదు.

నన్ను పంపిన ఊరికి నారాయణపేట నుంచి బండి బాటలో పోవాలి. ఊరి చెరువులో అంతకు ముందటి సంవత్సరం ఎక్కడి నుంచో కుండల్లో తెచ్చిన చేపపిల్లలను వదిలారు. వాటితో పాటు ఏదో తెగులు కూడా వచ్చిందని, చేపలు రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ ఎర్రమచ్చలు పడి చస్తున్నాయని కబురు. పోయి రెండు నెలలు ఉండి చూసి రమ్మన్నారు మా ప్రొఫెసరు గారు. ఒక ఇత్తడి సూక్ష్మదర్శిని, గాజు పలకలు, కత్తుల డబ్బా, మందునీళ్ళ సీసాలు చేతికిచ్చి రెండు మాటలు చెప్పారు. "పొడి చేత్తో చేపను ముట్టుకోకు. చచ్చిన చేపను కొయ్యకు, అది కుళ్ళి అబద్ధం చెప్తుంది. కొన ఊపిరితో ఉన్నదాన్ని కొయ్యి, అది నిజం చెప్తుంది."

నేను దిగింది బెస్త బుగ్గయ్య ఇంట్లో. బుగ్గయ్యకు అప్పటికి నలభై దాకా ఉంటాయి, ఆ చెరువులో వల వేసే వాళ్ళకు పెద్ద. మాట తక్కువ మనిషి. ఆయన తల్లి సాయమ్మ. ఇద్దరి మాటలు కలిపి ఆమే మాట్లాడేది. నేను వాకిట్లో పెట్టె దించగానే ఎవరి పిల్లగాడివని అడిగి, చేతులు పట్టుకుని తడిమి, "గొర్లోని చెయ్యి గట్టిగనే ఉన్నది. మా చేపలకు నిప్పుల లెక్క తాకుతది. తడుపుకో కొడుకా, ఎప్పటికి తడుపుకో" అంది. ప్రొఫెసరు గారు ఇంగ్లీషులో చెప్పిందే ఆమె ఇట్లా చెప్పింది.

ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. వాకిట్లో పెద్ద కాగులో తంగేడు చెక్క ఉడుకుతుండేది. నూలు వలలు ఆ కషాయంలో ముంచి ఆరేస్తే నీళ్ళకు చీకిపోవు. ఆ వగరు వాసన, కప్పు మీద ఎండే చేపల వాసన, లోపల పెనం మీద జొన్నరొట్టె వాసన, మూడూ కలిసిపోయి ఉండేవి. మొదటి వారం ముక్కు మూసుకుని తిన్నాను. రెండో వారానికి ఆ వాసనే ఆకలి పుట్టించింది. సాయమ్మవ్వ చింతపండు పిసికి పొద్దుటిపూట పెట్టిన పులుసును ఆ పూట ఎవరికీ వడ్డించేది కాదు. "ఇయ్యాల్టి పులుసు రేపే రుచి, గీ పొద్దు నిన్నటిది తినుండ్రి" అనేది. మరి ఆ ఇంట్లో మొట్టమొదటి రోజు ఏం తిన్నారవ్వా అని నేనొకసారి అడిగితే, పక్కింటికి పోయి తెచ్చుకున్నారని తడుముకోకుండా జవాబిచ్చింది. వంటింట్లో ఉట్టి మీద ఒక చిన్న పసుపు మూట ఉండేది. పిల్లి ఎక్కినా ఊరుకునే మనిషి కాదు. అందులో ఏముందని అడిగితే మాత్రం మాట మార్చింది.

నా పని పొద్దునే. బుగ్గయ్య విసురువల వేసి పది చేపలు తీసి గంగాళంలో వేస్తే నేను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని బొటనవేలితో మొప్ప ఎత్తి రంగు చూసేవాణ్ణి. రెక్కల కింద వెతికితే దొరికేది తెగులు: పేను. గోరంత కూడా ఉండదు, అద్దం ముక్కలా పారదర్శకంగా ఉండి ఒంటికి అతుక్కుని రక్తం తాగుతుంది. చిమటాతో తీసి గాజు పలక మీద పెట్టి ఎండలో సూక్ష్మదర్శిని అద్దం తిప్పుకుని చూస్తే దాని కాళ్ళు ఆడుతుండేవి. బుగ్గయ్య ఒకసారి కన్ను పెట్టి చూసి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "గిది మా చెరువుల ఉన్నదా?" అని గంగాళంలోకి తొంగి చూశాడు.

నాలుగో రోజో ఐదో రోజో సాయమ్మవ్వ నన్ను తూము దగ్గరికి తీసుకుపోయింది. చేతిలో కొబ్బరిచిప్ప, చిప్పలో నూకలు. తూము ముందర మడుగు ఉంది, చెరువు ఎంత తగ్గినా అక్కడ లోతు. ఆమె రాయి మీద కూర్చుని నూకలు చల్లుతూ "తిను బిడ్డా, తిను" అంది. ఎవరితో మాట్లాడుతోందో నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది చంద్రి సంగతి. చంద్రి ఆమె చిన్న కూతురు. పెళ్ళి కుదిరిన ఏడే జరమొచ్చి, బండిలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. అప్పటికి ఆరేళ్ళు. ఆ ఇంటి వంశంలో ఒక ఆచారముంది, ఊళ్ళో మిగతా బెస్తోళ్ళకు కూడా లేదు. పెళ్ళి కాని పిల్ల చస్తే ఆమె ముక్కుపోగును మట్టిలో పెట్టరు, ఇంకొకరి ముక్కుకు పెట్టరు. దినాల నాడు ఒక బతికిన బొచ్చె చేపను పట్టి, దాని కింది పెదవికి ఆ పోగు తొడిగి చెరువులో వదులుతారు. వలలో పడినా మళ్ళీ పసుపు రాసి వదిలేస్తారు. ఆ చేప తిరిగినన్నాళ్ళు పిల్ల పుట్టింట్లో ఉన్నట్టు లెక్క. చేప చచ్చి తేలిన నాడు అత్తగారింటికి పోయినట్టు. ఆ రోజు తల్లి, అత్తగారింటికి పోయే కూతురి ఒడిలో పోసే ఒడిబియ్యాన్ని చెరువులో పోసి సాగనంపుతుంది. అంతటితో ఏడుపు తీరిపోవాలి.

"నా కండ్లకు పొర వచ్చింది కొడుకా, నాకు కనబడది. బుగ్గడు సూస్తె జెప్తడు, లేకుంటె లేదంటడు. నువ్వు దినాం నీళ్ళల్లనే ఉంటవు, నీ కండ్లు మంచియి. నా బిడ్డను జర కనిపెట్టుకో. గీ పేన్ల రోగం దానికి తాకనియ్యకు" అంది. నేను నవ్వలేదు. కళాశాలలో మిత్రులకు చెప్పి నవ్విద్దామని మాత్రం అనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఒకటి, అన్నీ తెలిసిన వయసు.

ఆ నాటి నుంచి రోజూ దీపం పెట్టే వేళ, నేను కాళ్ళు కడుక్కుని గడప ఎక్కగానే లోపలి నుంచి గొంతు వినపడేది. "కనబడ్డదా కొడుకా?" రెండు సార్లు నిజంగానే కనబడింది. నీళ్ళ పైకి వచ్చి పెద్ద నోరు తెరిచి నూక మింగుతుంటే, కింది పెదవి మీద ఎర్రరాయి ఎండకు మెరిసింది. చెబితే ఆమె మొహం చూడాలి. ఆ పూట నాకు రెండు రొట్టెలు ఎక్కువ పడేవి.

నెల దాటాక ఒక పొద్దున బుగ్గయ్య నారాయణపేట సంతకు పోయాడు. నేనొక్కణ్ణే తూము దగ్గర దిగాను. రాళ్ళ సందున ఒక పెద్ద బొచ్చె ఒరిగిపోయి, మొప్పలు ఎప్పుడో ఒకసారి ఆడిస్తూ కనబడింది. ఒళ్ళంతా మచ్చలు, పేలు. పెదవి మీద దూదిలా తెల్లటి బూజు పట్టింది. నా గుండె సంతోషంతో కొట్టుకుంది, దాచడమెందుకు? కొన ఊపిరి చేప కోసం నెల రోజులుగా చూస్తున్నాను. ఏ చేపనైనా కోసేముందు బుగ్గయ్యకు చూపించాలని మా ఇద్దరి మధ్య మాట. ఆయన వచ్చేసరికి పొద్దు గూకుతుంది, అప్పటికి చేప ఉండదు. అంత పెద్ద చేపలు ఆ చెరువులో పది కూడా ఉండవు. అనుమానం రాలేదా అని ఎవరైనా అడిగితే, వచ్చింది. దోసెడు నీళ్ళు పోసి ఆ బూజు తుడిస్తే తెలిసిపోయేది. తుడవలేదు. కత్తి తీశాను.

మొప్పలు పాలిపోయి ఉన్నాయి, కార్జం మీద చుక్కలు. అన్నీ రాసుకున్నాను, ముక్కలు సీసాలో వేసుకున్నాను. చివరికి పెదవి పుండును చూద్దామని బూజు గీరుతుంటే చిమటా దేనికో తగిలి టిక్కుమంది. కండ పెరిగి మూసుకుపోయిన చోట బంగారు తీగ, ఎర్రరాయి. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. పోగును కడిగి కత్తుల డబ్బాలో వేసుకున్నాను, చేపను కట్ట కింద బురదలో పూడ్చాను.

అప్పుడైనా పోయి చెప్పి ఉంటే అయిపోయేది. ఈ మాట నాకు నేను ఎన్ని వేల సార్లు చెప్పుకున్నానో. ఆ చేప ఎట్లాగూ మధ్యాహ్నం దాటేది కాదు. పోగు తెచ్చి ఆమె చేతిలో పెట్టి "అవ్వా, నీ బిడ్డ పోయింది" అంటే ఏడ్చేది, ఒడిబియ్యం పోసేది, కళ్ళు తుడుచుకునేది. కానీ సాయంత్రం గడప ఎక్కానో లేదో, "కనబడ్డదా కొడుకా?" అని గొంతు వినపడింది. నోరు దానంతటదే పలికింది.

"కనబడ్డది అవ్వా. తూము కాడ."

"ఎట్లున్నది?"

"మంచిగుంది. జర లావైంది."

ఆమె పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "నా నూకలు తిని లావు గాకుంటదా?" అంది.

నా సీసాలు హైదరాబాదు పోయాయి. తెగులేమిటో తేలింది. పేలు గుడ్లు పెట్టుకునేట్టు నీళ్ళలో వెదురు తడకలు పాతి, వారానికోసారి పీకి ఎండబెట్టించాం. పట్టిన చేపలన్నిటినీ ఉప్పునీళ్ళలో ముంచి వదిలాం. నా రెండు నెలలు నిండేసరికి చావులు ఆగిపోయాయి. ప్రొఫెసరు గారు తరగతిలో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. ఊళ్ళో బెస్తోళ్ళు నా తలకు రుమాలు చుట్టి మర్యాద చేశారు. సాయమ్మవ్వ నా తల మీద చెయ్యి పెట్టి "నా బిడ్డను బతికిచ్చినవు" అంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గరి పిల్లగాడు అనుకున్నారు.

ఇంటికి పోయినప్పుడు నాయినకు చెప్పాను. ఆయన గొర్రె డెక్క చెక్కుతున్నాడు, కత్తి కింద పెట్టాడు. "చెవు సూపియ్యకపోతివి గదరా" అన్నాడు. కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఇప్పుడన్న పోయి చెప్పు" అన్నాడు. పోతానన్నాను. పోయాను కూడా, తర్వాత వచ్చిన రెండు సెలవులకూ పోయాను. డబ్బా జేబులోనే ఉండేది. గడప ఎక్కగానే ఆ గొంతు, ఆ ప్రశ్న. ప్రతిసారీ చేప ఇంకొంచెం పెద్దదయ్యేది. ఒకసారైతే పక్కన ఇంకో చేప కూడా తిరుగుతోందని చెప్పాను, ఏం పోయేకాలమో నాకు. దానికి ఆమె ఎంత మురిసిందో! పాపం బుగ్గయ్య ఎప్పుడూ నిజమే చెప్పేవాడు, "నాకు కనబడలే అమ్మా" అని. "నీకేం కండ్లున్నయిరా" అని ఆయన్నే తిట్టేది.

ఆ మరుసటి సంవత్సరం వానలు మొహం చాటేశాయి. ఎండాకాలంలో నాకు హాస్టలుకు కార్డు వచ్చింది, బుగ్గయ్య ఊరి పంతులుతో రాయించిన కార్డు. చెరువు ఎండిపోతున్నది, మడుగు కూడా అడుగంటింది, ఉన్న చేపలన్నీ పట్టేస్తున్నారు, చంద్రి చేపను బతికుండగా పట్టి మోటబావిలో వదలాలి, చేప చావకుండా మోయడం నీకు తెలుస్తుంది, మా అమ్మ నిన్నే రమ్మంటున్నది. ఆ కార్డు పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అన్ని చేపలూ బయటికి వస్తాయి. ఒక్కొక్కదాని పెదవీ చూస్తారు. అందులో ఆమె బిడ్డ ఉండదు.

దారి పొడుగునా ఆలోచించి నేను చేసిన ఘనకార్యం వినండి. తెల్లవారగానే ఊళ్ళో ఎవరి కంటా పడకుండా మడుగులో దిగి, ఉన్నవాటిలో పెద్ద బొచ్చెను పట్టి, సూదితో పెదవి గుచ్చి ఆ పోగు తొడిగాను. చదువుకున్న చేతులు కదా, క్షణంలో అయిపోయింది. చేప నా చేతుల్లో గిలగిల కొట్టుకుంది. మెత్తగా కడిగి మళ్ళీ నీళ్ళలో వదిలి, అప్పుడే బండి దిగినట్టు ఊళ్ళోకి పోయాను. పొద్దెక్కాక అందరూ వచ్చారు. బుగ్గయ్య వల లాగాడు. మూడో లాగుడుకు ఎర్రరాయి మెరిసింది. "దొరికిందే అమ్మా!" అని ఆయన అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. రెండేళ్ళు కనబడని చేప కనబడింది కదా, ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

సాయమ్మవ్వ బురదలోనే చతికిలబడి కొంగు తడిపి ఒళ్ళో పరుచుకుంది. చేపను అందులో పెట్టించుకుంది. "వచ్చినవా తల్లీ" అంటూ వీపు నిమిరింది. తర్వాత చూపుడువేలు పెదవి లోపల పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మెల్లగా తడిమింది. వేలు పోగు దగ్గర ఆగింది. మళ్ళీ తడిమింది. వేలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పుండు పచ్చిగున్నది" అంది.

ఎనిమిదేళ్ళ కింద గుచ్చిన చోట పచ్చి పుండు ఉండదు, అక్కడ కాయ కట్టి ఉంటుంది. ఈ సంగతి గొర్రె చెవులు చూస్తూ పెరిగి, నాలుగేళ్ళు వైద్యం చదివిన నాకు తట్టలేదు. చూపు లేని ముసలమ్మ వేలికి తట్టింది.

"పోగు నా బిడ్డదే. చేప నా బిడ్డ కాదు" అంది. తల నా వైపు తిప్పింది. ఎట్లా తెలిసిందో, నేను నిలబడ్డ వైపే తిప్పింది. "ఎన్నడు పోయింది కొడుకా?"

చెప్పాను. కట్ట కింద పూడ్చింది చెప్పాను, అనుమానం వచ్చినా తుడవనిది కూడా చెప్పాను. బుగ్గయ్య వల కింద పడేసి నా మీదికి వచ్చాడు. "నీకు అన్నం పెట్టినం గదరా!" అని చొక్కా పట్టుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆమె "ఇడువురా" అంది. ఆయన వదిలేశాడు. ఆమె కాసేపు చేపను నిమురుతూ కూర్చుంది.

"మరి గీ రెండేండ్లు నేను నూకలు ఎవలకేసినరా?" అంది.

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

"పిల్ల ఎప్పుడో అత్తగారింటికి పోయిందన్నట్టు. ఒట్టి ఒడితోని పోయింది" అని తనలో తానే అనుకుంది. బుగ్గయ్యను ఇంటికి పంపి ఉట్టి మీద పసుపు మూట తెప్పించింది. అందులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు. ఏటేటా కొత్త బియ్యం వచ్చినప్పుడల్లా మార్చి కట్టిపెట్టేదట. ఆ మూట విప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వే తోలిచ్చినవు. నువ్వే పొయ్యి."

ఒడిబియ్యం నీళ్ళలో పడాలి. చేపల కోసం మడుగంతా కలియబెట్టారు, నీళ్ళన్న మాటే లేదు. నేను దోసిలితో మూడు సార్లు పోశాను. పచ్చటి బియ్యం నల్లటి బురద మీద అట్లాగే పైన ఉండిపోయింది, లోపలికి పోలేదు. మేము అక్కడుండగానే గోరింకలు వచ్చి వాలాయి. ఎవరూ తోలలేదు.

ఆమె తన వేళ్ళతోనే ఆ చేప పెదవి నుంచి పోగు విప్పి కొంగుకు ముడేసుకుంది. పుండుకు పసుపు అద్ది, "గిదేం పాపం జేసింది, బాయిల ఇడిసిపెట్టుండ్రి" అంది. నేనూ బుగ్గయ్యా తడిపిన గోనెలో మోసుకుపోయి బావిలో వదిలాం. సాయంత్రం అవ్వ నాకు రొట్టె పెట్టింది, నిన్నటి పులుసు పోసింది, "తిను కొడుకా" అంది. దీపం పెట్టింది. ఆ వేళకు నా చెవులు ఆ ప్రశ్న కోసం ఎదురు చూశాయి. ఆమె అడగలేదు. మర్నాడు నేను బయలుదేరేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావని కూడా అడగలేదు. తర్వాత నేను ఆ ఊరికి పోలేదు. పోయే మొహం లేదు.

ఆమె తిట్టి, శాపనార్థాలు పెట్టి ఉంటే ఇన్నేళ్ళు ఈ బరువు ఉండేది కాదేమో. ఉద్యోగంలో నా చేతుల్లో ఎన్ని పశువులు చచ్చాయో లెక్కలేదు. ప్రతిసారీ ఆ రైతు వాకిట్లో నిలబడి నా నోటితో నేనే చెప్పాను. కొందరు నన్ను కొట్టవచ్చారు, ఒకడు రాయి విసిరాడు. పై అధికారులు నన్ను మొండివాడన్నారు. నాయిన బతికుంటే ఏమనేవాడో తెలియదు, అప్పటికే పోయాడు. ఇప్పుడు మా మనవరాలి యంత్రం నీళ్ళలో ముంచగానే ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. ఎవరి మొహమూ చూడదు, ఎవరి రొట్టె తినదు, అబద్ధం చెప్పాల్సిన అవసరం దానికి లేదు. మంచిదే. మా కాలంలో ఆ పని మనుషుల నోళ్ళ మీద పడింది. దీపం పెట్టే వేళకు ఎక్కడున్నా నేను గడప దాటి లోపలికి పోవడానికి ఒక్క క్షణం ఆగుతాను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళు కాళ్ళ నొప్పులనుకుంది.

పళ్ళెంలో చేప అట్లాగే ఉంది. నా వేలు దాని పెదవి మూల దగ్గర ఆగి ఉంది. మనవరాలు ఇంకా నా మొహంలోకే చూస్తోంది. తాత వినలేదనుకుని మళ్ళీ అడిగింది.

"కనబడ్డదా తాతా?"

"లేదు బిడ్డా," అన్నాను. "కనబడలేదు."